హెల్‌మార్క్‌గారి విస్తరి

తిప్పేస్వామికి వేడి దగ్గర లెక్క కుదిరింది. చలి దగ్గర కుదరలేదు. పద్నాలుగు నెలలుగా కుదరడం లేదు.

ఈ సంగతి మల్లెలగుట్ట మీది ల్యాబులో అందరికీ తెలుసు. గుట్ట కింద హోటల్లో దోసెలు పోసే మనిషికి కూడా తెలుసు. లెక్క కుదరని రోజున తిప్పేస్వామి దోసె సగం వదిలేసి లేచిపోయేవాడు. ఆ ఏడాది ఆ హోటలు ముందు పడుకునే కుక్క బాగా ఒళ్ళు చేసింది.

ల్యాబు ముందు రేడియేషన్ పరిశోధన కేంద్రం అని పెద్ద బోర్డు ఉంది. ఊళ్ళో వాళ్ళు మాత్రం దాన్ని కంప్యూటరు మఠం అనేవారు. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. లోపల ఉన్నవాళ్ళకు పెళ్ళిళ్ళు ఆలస్యంగా అవుతాయి. వేళకు తింటారు. మిగతా పొద్దంతా ఒకేచోట కూర్చుని, కళ్ళు పెద్దవి చేసి, ఎదురుగా ఉన్నదాన్ని కదలకుండా చూస్తారు. మఠమంటే ఇంతకన్నా ఏం కావాలి?

మఠానికి పెద్ద ఓబులేశు సారు. ఆయన మాట్లాడటం తక్కువ. క్లాసులో ముప్పావుగంట పాఠం చెప్పవలసి వస్తే, ఆ అలసట తీరడానికి సాయంత్రం వరకూ మళ్ళీ నోరు విప్పేవారు కాదు. శిష్యులు ఏదైనా అడిగితే కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవారు. కొందరు శిష్యులు ఆ తుడుచుకోవడం నుంచే జవాబు రాబట్టుకుని డాక్టరేట్లు తెచ్చుకున్నారు.

తిప్పేస్వామి ధర్మవరం నేతవాళ్ళ పిల్లవాడు. తన పని ఏమిటో ఒకసారి వాళ్ళమ్మకు చెప్పాడు.

"మన ఒంట్లో ప్రతి కణంలోనూ రెండు పోగులు పేనిన దారం ఒకటి ఉంటుందిమా. దాన్ని డీఎన్ఏ అంటారు. రేడియేషన్ తగిలితే పోగులు తెగుతాయి. శానామటుకు నేరుగా తగిలి తెగవు. చుట్టూ ఉండే నీళ్ళకు తగులుతుంది. నీళ్ళు ముక్కలవుతాయి. ఆ ముక్కలు పరుగెత్తుకొచ్చి పోగును కొరుకుతాయి. వెచ్చగుంటే జోరుగా పరుగెత్తుతాయి, చల్లగుంటే మెల్లగా. ఏ వేడికి ఎన్ని తెగుతాయో నేను కంప్యూటర్లో ఎంచుతా."

వాళ్ళమ్మ మగ్గం మీదినుంచి తల ఎత్తలేదు. "తెగినాక ఎవరు ముడేస్తారు?"

"ముడేసేవి ఒంట్లోనే ఉంటాయి."

"అట్లయితే నువ్వు ఎంచేది దేనికి?"

ఆ ప్రశ్నకు జవాబుగా తిప్పేస్వామి థీసిస్ మొదట్లో రెండు పేజీలు రాశాడు. వాళ్ళమ్మ వాటిని ఇంతవరకూ చదవలేదు.

కంప్యూటరు ఎంచింది సరో కాదో చూడాలంటే నిజంగా కూడా ఎంచాలి. ఆ పని శకుంతలమ్మది. చిన్న గాజు ట్యూబుల్లో నీళ్ళు, వాటిలో డీఎన్ఏ పోసి ఆమె సిద్ధం చేస్తుంది. వాటిని కుళ్ళాయప్ప నీలంరంగు పెట్టెలో పెట్టుకుని, మూడు వందల గజాల అవతల ఒంటరిగా ఉన్న గామా గదికి మోసుకుపోతాడు. అక్కడి రేడియేషన్ మిషన్లో పద్నాలుగు నిమిషాలు ఉంచి మళ్ళీ మోసుకొస్తాడు. నూటికి ఎన్ని దారాలు తెగాయో శకుంతలమ్మ ఎంచుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఇద్దరిదీ అదే పని. ఆ ఇరవై ఆరేళ్ళలో వాళ్ళిద్దరూ పోట్లాడుకోని రోజులు ఆదివారాలే.

ముప్పై ఏడు డిగ్రీల దగ్గర శకుంతలమ్మ నలభై అంది. కంప్యూటరూ నలభై అంది. అందరూ సంతోషించారు. మంచులో పెట్టిన ట్యూబుల దగ్గర కంప్యూటరు ఇరవై రెండు అంది. శకుంతలమ్మ ముప్పై ఒకటి అంది.

ఇద్దరిలో ఒకరిది తప్పయి ఉండాలి. తిప్పేస్వామి కంప్యూటరు పక్షం వహించాడు. అది రోజూ తన ఎదురుగా కూర్చునేది మరి.

"అక్కా, ఎంచడంలో ఏమన్నా పొరపాటు వచ్చిందేమో..." అని నసిగాడు.

శకుంతలమ్మ చేతి తొడుగులు విప్పి పక్కన పెట్టింది. "నేను ఎంచబట్టి ఇరవై ఆరేండ్లయింది నాయనా. నువ్వు పుట్టి ఎన్నేండ్లయింది?"

"ఇరవై ఏడక్కా."

"అంటే నాకన్నా ఒక ఏడాది పెద్దరికం ఉంది నీకు. చెప్పు, ఎట్ల ఎంచల్లనో."

ఆమె మళ్ళీ ఎంచింది. మళ్ళీ ముప్పై ఒకటే. తర్వాత పదిరోజుల పాటు ఆమె అన్నం డబ్బాలోంచి ఊరిబిండి అతని వైపు రాలేదు. శనగకాయలు నూరి ఆమె చేసే ఆ పచ్చడి రుచి ఎరిగినవాళ్ళకు అది ఎంత శిక్షో తెలుసు. కంప్యూటర్ను నమ్ముకుని పదిరోజులు ఉత్త పెరుగన్నం తిన్నాడు.

పదకొండో రోజు అతనికి ఒక ఆలోచన వచ్చింది. చలికి పోగు బిర్రబిగుసుకుంటుంది కదా. బిగిసిన పోగు తొందరగా తెగుతుంది కదా. మగ్గాల మధ్య పెరిగినవాడికి ఇలాంటి ఆలోచన రావడం సహజం. అయితే ఎంత తొందరగా తెగుతుంది? ఒకటీ పాయింట్ నాలుగు రెట్లు అనుకున్నాడు. ఒకటీ పాయింట్ మూడు పెట్టి చూస్తే చాలలేదు. ఒకటీ పాయింట్ అయిదు పెడితే ఎక్కువైంది. అందుకని ప్రకృతి ఒకటీ పాయింట్ నాలుగు దగ్గరే ఆగి ఉంటుందని తీర్మానించుకున్నాడు.

ఆ అంకె వేయగానే ఇరవై రెండు కాస్తా ముప్పై ఒకటి అయి కూర్చుంది. గ్రాఫులో గీత, ఇల్లు ఎరిగిన ఎద్దులాగా ఒక్కో చుక్కనూ తాకుతూ తిన్నగా నడిచిపోయింది. శకుంతలమ్మ అది చూసి, "ఇప్పుడైనా నీ మిషనుకు బుద్ధి వచ్చింది" అని ఊరిబిండి రెండు గరిటెలు వేసింది. కింద హోటల్లో దోసె పూర్తిగా తిన్నాడు. కుక్క కాసేపు చూసి వేరే టేబులు కిందికి వెళ్ళింది.

పేపరు రాయడం పూర్తయింది. ఒక జర్నల్ చలి, వేడి మీద ప్రత్యేక సంచిక వేస్తోంది. శుక్రవారం సాయంత్రం అయిదింటికి గడువు. పేపరు అందితేనే వైవా. వైవా అయితేనే పేరు ముందు డాక్టరు. కాబోయే మామ హిందూపురంలో పట్టుచీరల వ్యాపారి, ముందుచూపు గల మనిషి. పెండ్లి కార్డు నమూనాలో డాక్టర్ తిప్పేస్వామి అని వేయించి, వాట్సాప్‌లో రెండు వందల మందికి పంపేశాడు కూడా. అంటే ఆ రెండు వందల మంది పరువూ ఇప్పుడు ఒకటీ పాయింట్ నాలుగు మీద ఆధారపడి ఉంది.

మఠంలో ఒక ఆచారం ఉంది. ఏ పేపరైనా గుట్ట దిగేముందు భోజనం పెడతారు. ప్రోగ్రాములోకి వెళ్ళిన ముఖ్యమైన అంకెలు ఎన్నో చూసుకుని, అంకెకు ఒక విస్తరి చొప్పున వేస్తారు. ప్రతి విస్తరి ముందూ ఒక చీటీ. చీటీ మీద పైన అంకె, కింద దాన్ని కొలిచిన మనిషి పేరు. చీటీలు పేపరు రాసినవాడే తన చేత్తో రాయాలి. "కొలిచినవాళ్ళకు అన్నం పెట్టాల" అని ఓబులేశు సారు చాలా ఏళ్ళ కిందట ఒకసారి అన్నారు. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఒకసారి అనడమే ఆయనకు ఎక్కువ.

కొలిచినవాళ్ళు ల్యాబులో ఉంటే వాళ్ళే వచ్చి కూర్చుంటారు. దూరదేశాల్లో ఉన్నా, కాలం చేసినా, వాళ్ళ తరఫున ఇంకొకరు కూర్చుంటారు. ఎప్పుడూ ముందుగా ఒప్పుకునేది కుళ్ళాయప్పే. నీటి ముక్కలు ఎంత జోరుగా పరుగెత్తుతాయో కొలిచిన జర్మనీ ఆయన ఒకాయన ఉన్నాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన తరఫున కుళ్ళాయప్ప ఇప్పటికి పదకొండు సార్లు ఓళిగలు తిన్నాడు. బొబ్బట్లను ఆ వైపు ఓళిగలంటారు. ఓళిగలో పప్పు తక్కువైతే, "నాకు సరే, ఆయనేమనుకుంటాడో" అనేవాడు.

ఊళ్ళో వాళ్ళు ఇదంతా తద్దినమనుకునేవారు. ఇన్ని తద్దినాలు పెట్టి తనను ఒక్కదానికీ పిలవలేదని ఊరి పురోహితుడికి గుట్టంటేనే మంట.

శుక్రవారం పొద్దున తిప్పేస్వామి చీటీలు రాయడానికి కూర్చున్నాడు. మొత్తం తొమ్మిది. ఎనిమిది చకచకా రాసేశాడు. శకుంతలమ్మకు మూడు అంకెలు వచ్చాయి. ఆమె మూడు విస్తళ్ళ ముందు కూర్చోలేదు కనుక మూడూ ఒకే చీటీలో వేశాడు: తెగిన దారాలు, ముప్పై ఏడు డిగ్రీలు, నాలుగు డిగ్రీలు. తొమ్మిదో చీటీ మీద 1.4 అని వేశాడు. కలం అక్కడ ఆగింది.

చీటీ రాయకుండా వదిలేద్దామంటే సారు దగ్గర అంకెల జాబితా ఉంది, ఆయన విస్తళ్ళు ఎంచుతారు. తన పేరే వేసుకుందామంటే, దేంతో కొలిచినావప్పా అంటారు. ఎదురుగా పేపరు చివర నలభై మంది పండితుల పేర్లున్నాయి. ఒకరి పేరులో ముందు సగం తీసుకున్నాడు, ఇంకొకరి పేరులో వెనక సగం. రెండూ అతికిస్తే హెల్‌మార్క్ అయ్యాడు.

మామూలుగా మనిషి పుట్టడానికి తొమ్మిది నెలలు పడుతుంది. హెల్‌మార్క్ అర నిమిషంలో పుట్టాడు. అదీ డాక్టరేట్‌తో సహా.

మధ్యాహ్నం ఒంటిగంటకు వరండాలో మోదుగాకు విస్తళ్ళు పరిచారు. మే నెల. బయట నలభై రెండు డిగ్రీలు, నీడలో ముప్పై ఆరు. ఓళిగలు, చిత్రాన్నం, వంకాయ కూర, ఊరిబిండి. విస్తరి పక్కన స్టీలు గ్లాసుల్లో మజ్జిగ. కుళ్ళాయప్ప మంచు ముక్కలు తెచ్చి గ్లాసుకు గుప్పెడు వేశాడు. గ్లాసుల ఒళ్ళంతా నీటిచుక్కలు పట్టాయి. ఆ ఎండలో ఆ గ్లాసులను చూడటమే సగం భోజనం.

ఓబులేశు సారు నేతిగిన్నె పట్టుకుని వచ్చారు. ఆయన ప్రతి విస్తరిలో నెయ్యి వేశాకే ఎవరైనా చెయ్యి పెట్టాలి. ఒక్కో చీటీ చదువుతూ వరసగా నడిచారు. తొమ్మిదో చీటీ దగ్గర ఆగారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఈయన కొత్తగా ఉన్నారే."

"అవున్సార్" అన్నాడు తిప్పేస్వామి.

"యాడివారు?"

"స్వీడన్ సార్."

"బతికున్నారా?"

తిప్పేస్వామి ఒక్క క్షణం ఆలోచించాడు. పుట్టించింది పొద్దున్నే, అప్పుడే చంపడం ఎందుకులే అనిపించింది. "ఉన్నారు సార్."

"ఉన్నారా. అయితే వస్తారు. ఆగుదాం."

ఆయన కుర్చీ ఒకటి లాక్కుని తొమ్మిదో విస్తరి పక్కన కూర్చున్నారు. నేతిగిన్నె ఒళ్ళో పెట్టుకుని గేటు వైపు చూడటం మొదలుపెట్టారు.

మొదట అందరూ ఇది పరాచకమనుకున్నారు. సారు పరాచకాలాడిన రోజు ఎవరికీ గుర్తు లేకపోవడంతో మళ్ళీ అనుమానం వచ్చింది. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉన్నారు. ఆకలి మాత్రం లేచి తిరుగుతోంది.

"బస్సులో వస్తాడా సార్, కారులోనా?" అని అడిగాడు కుళ్ళాయప్ప.

"తెలీదప్పా."

"స్వీడన్ నుంచంటే ధర్మవరం మీదనే రావల్ల. ఆ రైల్వే గేటు పడిందంటే అర్ధగంట లేటు."

"ఓళిగలు ఆరిపోతాండాయి సార్" అంది శకుంతలమ్మ.

"ఆయన నెయ్యి తింటారో లేదో" అన్నారు సారు, గేటు వైపే చూస్తూ.

ఇంకో అయిదు నిమిషాలు గడిచాయి. ఒక కాకి వచ్చి గేటు మీద వాలింది. అందరూ ఆశగా చూశారు. కాకి ఎగిరిపోయింది.

"పోనీ నేను లేచి ఆడ కూర్చోనా సార్?" అన్నాడు కుళ్ళాయప్ప. "జర్మనీ ఆయన ఏమీ అనుకోడులే. మావి పాత పరిచయాలు."

"బతికున్న మనిషి విస్తరిలో ఇంకొకరు కూర్చోకూడదప్పా. వస్తారు. తిప్పేస్వామి అబద్ధం చెప్తాడా?"

దూరదేశాల వాళ్ళ తరఫున ఇన్నాళ్ళూ ఇంకొకరే కూర్చున్నారు; ఈ నియమం ఎవరైనా వినడం అదే మొదలు. తిప్పేస్వామి తల దించుకున్నాడు. సారు వైపు చూడలేడు. శకుంతలమ్మ వైపు చూడలేడు. గేటు వైపు అసలే చూడలేడు. చూడటానికి మిగిలింది పక్క విస్తరి ముందున్న మజ్జిగ గ్లాసు ఒక్కటే. దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

గ్లాసు మీద నీటిచుక్కలు లేవు. లోపల మంచు ముక్కలు లేవు. చెయ్యి పెట్టి చూశాడు. గోరువెచ్చగా ఉంది.

వడ్డించినప్పుడు అది మంచు. పళ్ళు జివ్వుమనేంత మంచు. అతను గోడ గడియారం చూశాడు. పావుగంటయింది. మళ్ళీ గ్లాసును చూశాడు. మళ్ళీ చెయ్యి పెట్టాడు. అతని ముఖంలో సిగ్గు అట్లాగే ఉంది గానీ, దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది.

"కుళ్ళాయప్పన్నా" అన్నాడు మెల్లగా. "గామా గదిలో ట్యూబు మంచులోనే ఉంటుందా?"

కుళ్ళాయప్ప నవ్వాడు. "మంచా? ఆ మిషన్లోకి చుక్క నీళ్ళు పోయినాయంటే పెద్దసారు నన్ను గుట్ట దింపుతాడు. మంచులోంచి తీసి, శుభ్రంగా తుడిచి, పొడిగా అయినాకనే పెడతా."

"దేంతో తుడుస్తావు?"

"దీంతోనే" అని భుజం మీది తువ్వాలు చూపించాడు. "అరచేతిలో పెట్టుకొని, పసిబిడ్డకు నీళ్ళు పోసినాక తుడుస్తారే, అట్ల తుడుస్తా సామీ. ఇరవై ఆరేండ్లలో ఒక్క ట్యూబు పగలగొట్టింటే చెప్పు."

"తుడిచినాక?"

"చెక్క దిమ్మెలో నిలబెట్టి మూత వేస్తా. పద్నాలుగు నిమిషాలకు గంట కొడుతుంది. తీసి మళ్ళా మంచులో పెడతా."

"ఆ గదిలో ఏసీ..."

"ఏసీ నీ కంప్యూటరుకు సామీ. నాకూ ట్యూబుకూ ఫ్యాను కూడా లేదు."

తిప్పేస్వామి శకుంతలమ్మ వైపు తిరిగాడు. "అక్కా, మరి పుస్తకంలో నాలుగు డిగ్రీలని..."

"నాలుగని నేను యాడ రాసినా? మంచు అని రాసినా. మంచులో పెట్టి పంపిస్తా కాబట్టి మంచు. అది నాలుగని నువ్వు అనుకున్నావు." అప్పుడామెకు తన ముందున్న చీటీ సరిగ్గా కనిపించింది. దగ్గరికి తీసుకుని చదివింది. "ఇదేంది, నా పేరు మీద నాలుగు? నేను కొలవని దానికి నాకు అన్నమెందుకు పెడతాండావు?"

వరండా చూరులో పిచ్చుక ఒకటి ఆగకుండా మాట్లాడుతోంది.

తిప్పేస్వామి లేచాడు. తొమ్మిదో విస్తరి దగ్గరికి వెళ్ళి, చీటీ తీసి, జేబులో పెట్టుకున్నాడు.

"ఆయన రారు సార్."

"దారి తప్పినారా?"

"లేదు సార్. ఇంకా పుట్టలేదు."

"అయ్యో, అంత చిన్నోడా!" అన్నాడు కుళ్ళాయప్ప.

తిప్పేస్వామి ఆ విస్తరిని మడవబోతే ఓబులేశు సారు చేత్తో ఆపారు. నేతిగిన్నె అతని చేతికిచ్చి వెళ్ళి తన చోట కూర్చున్నారు.

తిప్పేస్వామి అందరికీ నెయ్యి వడ్డించాడు. చివరికి తినడానికి అతనికి మిగిలింది హెల్‌మార్క్‌గారి విస్తరే. అందులోనే కూర్చుని తిన్నాడు. వేసిన విస్తరిలో ఎవరో ఒకరు తినాలి కదా. ఓళిగలు చల్లారి ఉన్నాయి, మజ్జిగ వేడెక్కి ఉంది. ఆ రోజు అతను దేనికీ వంక పెట్టలేదు.

సాయంత్రం అయిదయింది. పేపరు గుట్ట దిగలేదు. తిప్పేస్వామి హిందూపురానికి ఫోను చేశాడు.

"మామా, డాక్టరు కొంచెం ఆలస్యమవుతుంది."

"కొంచెమంటే?"

"పెండ్లి తర్వాత అవుతుంది."

మామ తేరుకుని, కార్డులో పేరు ముందు డాక్టరు తీసేయించి, అంత ఖాళీ అట్లాగే వదిలేయమన్నాడు. తర్వాత పెన్నుతో రాసుకోవచ్చని ఆయన ఆలోచన. ఆ ఖాళీ చూసి బంధువుల్లో కొందరు అబ్బాయి ఏదో రహస్య ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నాడనుకున్నారు. మొత్తం మీద పరువు పోలేదు, ఒక మెట్టు పెరిగింది.

సోమవారం నుంచి తిప్పేస్వామి గామా గదికి నడవడం మొదలుపెట్టాడు. ఆ ల్యాబులో చేరి నాలుగేళ్ళయినా అతను ఆ గది లోపల చూడటం అదే మొదలు. వెంట్రుకంత సన్నటి తీగ చివర ఉండే థర్మామీటరు ఒకటి సంపాదించాడు. కుళ్ళాయప్ప ట్యూబు తీసి తువ్వాలుతో తుడిచేవాడు. తిప్పేస్వామి అందులోకి తీగ దించి, దాని రెండో కొస మిషన్ బయటికి లాగి, నిమిషానికి ఒకసారి చూసి రాసుకునేవాడు. మిషన్ మూత పడే వేళకు నాలుగు. గంట కొట్టే వేళకు ఇరవై తొమ్మిది. అన్నీ కలిపి సగటు చూస్తే పందొమ్మిది.

ముప్పై ఏడు దగ్గర లెక్క ఎందుకు కుదిరిందో కూడా అప్పుడే తెలిసింది. మే నెలలో ఆ గది వేడి ముప్పై ఆరు. వెచ్చని ట్యూబుకు అది పుట్టిల్లే. అక్కడ అతని తెలివి కుదిరిందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. కుదిరింది ఎండ.

నాలుగో రోజు కుళ్ళాయప్పకు జ్వరం వస్తే ట్యూబులు తనే మోసి, తనే తుడిచాడు. అరచేయి మొదట కొంకర్లు పోయింది, తర్వాత మామూలయింది. ఆ మామూలవడాన్ని నిలబడి కాసేపు చూసుకున్నాడు.

ప్రోగ్రాములోంచి ఒకటీ పాయింట్ నాలుగు తీసేశాడు. నాలుగు తీసేశాడు. పందొమ్మిది వేశాడు. కంప్యూటరు రెండు రోజులు ఎంచింది.

ముప్పై అంది. ముప్పై ఒకటి కాదు, ముప్పై.

తిప్పేస్వామి ఆ ముప్పైని చాలాసేపు చూశాడు. ఆ ఒక్కటి ఎక్కడుందో అతనికి తెలియదు. వెళ్ళి శకుంతలమ్మకు చెప్పాడు.

"ఒకటి తక్కువే కదా" అంది ఆమె. "ఉండనీ. అంతా తెలిస్తే రేపు పొద్దున ఇద్దరం ఏం చేద్దాం?"

ఆ రోజు కింద హోటల్లో రెండు దోసెలు తిన్నాడు. కుక్క ఆ హోటలు మీద ఆశ వదులుకుని ఎదురుగా ఉన్న బిర్యానీ సెంటరుకు మకాం మార్చింది.

నెల తర్వాత మళ్ళీ భోజనం పెట్టారు. ఈసారి వేరే జర్నల్, గడువేమీ లేదు. మళ్ళీ తొమ్మిది విస్తళ్ళే. కుళ్ళాయప్ప స్నానం చేసి, తువ్వాలు ఉతికి ఆరేసుకుని వచ్చి, అలవాటు ప్రకారం తిన్నగా పోయి జర్మనీ ఆయన విస్తరి ముందు కూర్చున్నాడు.

"అక్కడ కాదన్నా. ఇటు రా" అన్నాడు తిప్పేస్వామి.

కుళ్ళాయప్ప వచ్చి తొమ్మిదో చీటీ ముందు వంగాడు. అతను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే మనిషి. పైన పందొమ్మిది అని ఉంది. కింద ఉన్నది చదవడానికి చాలా సమయం పట్టింది. చదివాక కూడా నమ్మకం కుదరలేదు.

"ఇది ఎవరి తరఫున సామీ?"

"నీ తరఫునే."

"నేనేం కొలిచినా? తీగ పెట్టింది నువ్వు."

"ట్యూబు తుడిచింది నువ్వు కదన్నా."

కుళ్ళాయప్ప పెద్దసారు వైపు చూశాడు. సారు గేటు వైపు చూస్తున్నారు. "మరి జర్మనీ ఆయన, సార్?" అన్నాడు దిగులుగా. "పాపం ఆయనకు ఎవరున్నారు?"

ఓబులేశు సారు లేచి, నెయ్యి వడ్డించుకుంటూ వచ్చి, గిన్నె పక్కన పెట్టి జర్మనీ ఆయన విస్తరి ముందు కూర్చున్నారు.

కుళ్ళాయప్ప తన విస్తరి ముందు కూర్చున్నాడు. తువ్వాలు ఒకసారి భుజం మీద, ఒకసారి ఒళ్ళో, ఒకసారి పక్కన పెట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఇంకొకరి పేరు మీద తిన్నవాడికి తన పేరు మీద ఎలా తినాలో వెంటనే తెలియలేదు. శకుంతలమ్మ ఓళిగ మీద ఇంకో ఓళిగ వేసి, "తిను. ఈ పూట పప్పు తక్కువైందని చెప్పడానికి నీకు జర్మనీ ఆయన లేడులే" అంది. అప్పుడు విస్తరిలో చెయ్యి పెట్టాడు.

తిప్పేస్వామి ఓబులేశు సారు పక్కన కూర్చున్నాడు. నెల రోజులుగా నోటిదాకా వచ్చి ఆగిన మాట ఆ పూట ఆగలేదు.

"సార్, ఆ రోజు మీకు ముందే తెలుసా? ఒకటీ పాయింట్ నాలుగు సంగతా, ట్యూబు సంగతా? ఏది తెలుసు సార్?"

ఓబులేశు సారు కళ్ళద్దాలు తీశారు. తుడుచుకోకుండానే మళ్ళీ పెట్టుకున్నారు. అతని గ్లాసు చేతిలోకి తీసుకుని, దాని మీది నీటిచుక్కలు ఒకసారి చూసి, అతని దగ్గరికి జరిపారు.

"మజ్జిగ తాగప్పా. వేడెక్కుతాంది."